షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మకి వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. అమ్మగారికి 62 ఏళ్లు. అనంతపురంలో నాన్నగారితో ఉంటారు. పన్నెండేళ్లుగా షుగరు, దాంతోపాటు బీపీ. ఎక్స్‌రే తీసి రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిందన్నారు. ఈసారి మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.6 వచ్చేసరికి డాక్టరు రోజూ గంట వాకింగ్ చెయ్యమన్నారు. ఆమె ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి నాలుగు రోజులు వెళ్లారు, ఐదో రోజుకి కుడి మోకాలు వాచింది, అంతటితో ఆపేశారు. ఇప్పుడు మీరు బెంగళూరు నుంచి ఫోన్ చేసి నడవమంటే ఆమెకి కోపం, మీకు టెన్షన్. ట్రెడ్‌మిల్ కొనిస్తే ఇంట్లోనే నడుస్తుందేమో అని అడుగుతున్నారు.

నేను ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ అమ్మగారిలాంటివాళ్లే: ఒకటికి మూడు జబ్బులు, సంచీ నిండా మాత్రలు, "నడువు" అన్న ఒక్క సలహా. అందుకే కొంచెం పొడవుగానే రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, వీలైతే నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

ముందు అసలు మాట. మీ అమ్మగారికి తొలుత కావలసింది తొడల్లో బలం. నడక ఆ తర్వాత. ఆ వరస తారుమారు కావడం వల్లే మోకాలు వాచింది. ఆమెకి బద్ధకం ఉందనో, మొండితనం ఉందనో అనుకోకండి.

డాక్టరు చెప్పినది తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకి కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో వ్యాయామం చెయ్యమని ఉంది. అయితే అక్కడే ఇంకో రెండు మాటలున్నాయి. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి బలం పెంచే వ్యాయామం కూడా చెయ్యాలి. ఇప్పటిదాకా ఏమీ చెయ్యనివాళ్లు చాలా కొద్దిగా మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. ఓపీలో డాక్టరు ముందు కూర్చునే ఆ కాస్త టైములో ఈ రెండూ ఎగిరిపోయి, "రోజూ గంట" అన్నది మాత్రమే పేషెంటు చెవిన పడుతుంది. మందు చీటీలో ఎన్ని ఎం.జి., ఎన్ని పూటలు అని రాస్తారు కదా. వ్యాయామానికీ మోతాదు ఉండాలి. మొదటి రోజే పూర్తి మోతాదు వేస్తే ఒళ్లు తట్టుకోదు.

మోకాలి మీద పడే బరువులో చాలా భాగాన్ని తొడ ముందరి కండరం మోస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే మెట్లు మానేస్తారు, కుర్చీలోంచి చేతులు ఊని లేస్తారు, నొప్పిలేని కాలి మీదే బరువు వేస్తారు. కొన్నేళ్లు ఇలా గడిస్తే ఆ కండరం సన్నబడుతుంది. షుగరూ, వయసూ కూడా కండని తగ్గిస్తాయి. అలాంటి కాళ్లతో ఒక్కసారిగా గంట నడిస్తే ఆ అదురంతా నేరుగా కీలు మీద పడుతుంది. వాపు రాకపోతేనే ఆశ్చర్యం.

గుజ్జు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్లని ఎక్కువగా ఆపేది ఆ భయమే. "ఉండేదే కొంచెం, నడిస్తే అది కూడా అరిగిపోతుంది మేడం" అంటారు. గుజ్జుకి సొంతంగా రక్తనాళాలు ఉండవు. కీలు లోపలి ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కీలు మీద బరువు పడి, మళ్లీ వదిలితేనే ఆ ద్రవం లోపలికి ఇంకుతుంది. కదలకుండా కూర్చోబెడితే మోకాలు బాగుపడదు, ఇంకా పట్టేస్తుంది. మోకాళ్ల అరుగుదలకి ప్రపంచమంతా మొదటి వరస చికిత్సగా చెప్పేది వ్యాయామమే. బరువు ఎక్కువ ఉంటే తగ్గించుకోవడం దాని పక్కనే ఉంటుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే, నడకలో ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని కొలిచి చూపించారు.

ఇక షుగరు. మనం తిన్న అన్నం, సంగటి గ్లూకోజుగా మారాక ఎక్కువ భాగం వెళ్లి చేరేది కండరాల్లోకే. షుగరు ఉన్నవాళ్లలో ఇన్సులిన్ చెప్పినా కండరం సరిగ్గా వినదు. కానీ కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజుని లోపలికి లాక్కుంటుంది. ఆ మేలు వ్యాయామం ఆగిన తర్వాత కూడా ఒక రోజు నుంచి మూడు రోజుల వరకు కొంత ఉంటుంది. వరసగా రెండు రోజులకి మించి ఖాళీ వదలొద్దు అనేది ఇందుకే. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు నడిచి మిగతా వారమంతా ఊరుకుంటే లాభం తక్కువ. పద్ధతిగా, క్రమం తప్పకుండా చేసినవాళ్లలో హెచ్‌బీఏ1సీ సగటున 0.7 దాకా తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. ఒక మాత్ర చేసే పనికి అది దగ్గరగా ఉంటుంది. అలాగని వ్యాయామం మొదలుపెట్టి మాత్రలు సొంతంగా మానెయ్యకూడదు.

మీరు అమ్మగారి మాటగా రాసింది నేను రోజూ వింటాను. "దినామూ ఇంటెడు చాకిరీ చేస్తాండా, మళ్లా ఈ వాకింగు యాడిది?" ఆ మాటని దయచేసి కొట్టిపారెయ్యకండి. నీళ్లు మొయ్యడం, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడవడం నిజంగా శ్రమే, మంచంలో పడుకోవడం కంటే ఎన్నో రెట్లు మేలు. కానీ ఇంటి పనిలో నడుము ఎప్పుడూ ముందుకే వంగుతుంది, అవే కండరాలు అలసిపోతాయి, మిగతావి పడుకుంటాయి. పని తెగి తెగి సాగుతుంది కాబట్టి గుండె కాసేపైనా వేగం పుంజుకోదు. నిరుడు ఎంత బరువు ఎత్తారో ఈ ఏడూ అంతే, కాబట్టి బలం పెరగదు. చెనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లు రోజంతా వంగి పని చేసినా నలభై దాటేసరికి నడుము, మోకాళ్లు పట్టుకుని మా దగ్గరికి రావడం ఇందుకే. అమ్మగారితో "నువ్వేం చెయ్యడం లేదు" అనకండి. "ఇంత చేస్తున్నావు, నీ మోకాలికి కావలసిన పని మాత్రం అందులో లేదు" అనండి. అది నిజం కూడా.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. మొదటి రెండు వారాలూ ఆమెని గ్రౌండుకి పంపకండి. ఇంట్లో గట్టి కుర్చీ ఒకటి చాలు. ప్లాస్టిక్ కుర్చీ అయితే జారకుండా వెనక గోడకి ఆనించండి. సీటు మీద ఒక మందపాటి దిండు వెయ్యండి. ఎత్తు పెరిగేకొద్దీ మోకాలి మీద భారం తగ్గుతుంది. అమ్మగారు సీటు ముందు అంచుకి జరిగి కూర్చోవాలి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి. రెండు చేతులూ ముందుకు చాచి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, మడమల్ని నేలకి నొక్కుతూ లేవాలి. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒకదాన్నొకటి తాకేలా వాలుతుంటే బలం తక్కువని గుర్తు. మోకాళ్లు చిటికెన వేలి వైపు చూసేలా ఉంచమని చెప్పండి. అసలైన పని కూర్చునేటప్పుడు ఉంది. చాలామంది ధబ్బున కూలబడతారు. "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడుతూ నిదానంగా దిగాలి. పైకి లెక్కపెట్టించడంలో ఇంకో లాభం ఉంది: మాట్లాడుతూ ఎవరూ ఊపిరి బిగపట్టలేరు. ఊపిరి బిగపట్టి బలం చేస్తే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది.

ఇలా ఐదుసార్లు, కాసేపు ఆగి మళ్లీ ఐదు. మొదట్లో చేతులు తొడల మీద ఊనినా పరవాలేదు. రోజు మార్చి రోజు చాలు, కండరానికి మధ్యలో ఒక రోజు విశ్రాంతి కావాలి. ఐదు తేలిగ్గా వస్తున్నాయనిపిస్తే ఎనిమిది, తర్వాత పది. పది చక్కగా వచ్చాక దిండు తీసెయ్యండి. ఒక్కసారికి ఒక్కటే పెంచాలి, సంఖ్య పెంచిన వారం ఎత్తు తగ్గించకూడదు.

దీనికి తోడు ఇంకో మూడు ఉన్నాయి, ఇవి తేలిక. మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టేదాకా పట్టుకోవడం. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం. గోడకి చేతులు ఆనించి, గోడనే తోస్తూ దండీలు తీసినట్టు ముందుకీ వెనక్కీ వెళ్లడం. ఇదంతా కలిపి పావుగంట.

నొప్పి విషయంలో నేను అందరికీ చెప్పే లెక్క ఒకటుంది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనిది. చేస్తున్నప్పుడు నాలుగైదు దాకా వస్తే భయపడక్కర్లేదు, మర్నాడు పొద్దున్నకి మామూలు స్థితికి వచ్చెయ్యాలి, అంతే. మర్నాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే, వాపు వస్తే, చేసినదాన్ని సగానికి తగ్గించండి. పూర్తిగా మాత్రం మానొద్దు. మోకాలు ఎర్రగా కాలిపోతూ ఉన్నా, జ్వరం వచ్చినా, మధ్యలో లాక్ అయిపోయినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా అది వ్యాయామంతో తేలే విషయం కాదు, డాక్టరుకి చూపించాలి.

ఈ రెండు వారాల్లో నడక అసలు వద్దా అంటే, కావాలి, కానీ వేరే రకంగా. మూడు పూటలా భోంచేశాక ఐదు నిమిషాలు ఇంట్లోనే హాలు ఈ చివర నుంచి ఆ చివరకి. అంతే. తిన్న తర్వాత షుగరు పైకి ఎక్కే సమయంలో కండరం పనిచేస్తే ఆ ఎక్కుడు తగ్గుతుంది. మధ్యాహ్నం సంగటి ముద్ద తిని వెంటనే నడుం వాల్చే అలవాటు మన దగ్గర గట్టిగా ఉంది. ఆ నిద్రని ఓ పదిహేను నిమిషాలు వెనక్కి జరపమని బతిమాలండి. మూడో వారం నుంచి ఐదుని పది చెయ్యండి, తర్వాత పదిహేను. మూడు పూటలూ పదిహేనేసి నిమిషాలంటే రోజుకి ముప్పావు గంట, గ్రౌండుకి వెళ్లకుండానే. వారానికి 150 నిమిషాల లెక్క దాటిపోతుంది. వేగం ఎంత అంటే, మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనట్టు ఉండాలి.

మాత్రల దగ్గర కొంచెం జాగ్రత్తగా చదవండి. మీరు రాసిన మాత్రలో మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమిపిరైడ్ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ వాడేవాళ్లకీ, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ వ్యాయామంతో షుగరు పడిపోవచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇలా: పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటారు, టిఫిన్‌కి ఇంకా టైముంది కదా అని వాకింగ్‌కి బయల్దేరతారు. మాత్ర పనిచేస్తుంది, కండరమూ లాక్కుంటుంది, కడుపులో ఏమీ ఉండదు. దారిలో చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. అమ్మగారు మాత్ర వేసుకున్నాక తినకుండా గడప దాటకూడదు. శనివారమో సోమవారమో ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి, ఆ రోజు వ్యాయామం మానెయ్యండి.

మొదటి కొన్ని వారాలు వ్యాయామానికి ముందు గ్లూకోమీటరుతో చూడండి. 90 కంటే తక్కువ ఉంటే చిన్న అరటిపండో, రెండు మూడు బిస్కెట్లో తిన్నాకే మొదలుపెట్టాలి. 250 దాటి ఉండి, దాహం, వికారం, నీరసం కూడా ఉంటే ఆ రోజు వద్దు, డాక్టరుతో మాట్లాడండి. మధ్యలో వణుకు, చల్లని చెమట, గుండెదడ మొదలైతే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. 70 దాటకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. అమ్మగారి చీర కొంగున పంచదార పొట్లం కట్టి ఉంటే మంచిది. సాయంత్రం ఎక్కువసేపు చేసిన రోజు రాత్రి పూట కూడా షుగరు పడిపోవచ్చు, ఆ సంగతి నాన్నగారికి తెలిసుండాలి. బీపీకో, గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. షుగరు పడిపోయినా వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, అదే ముఖ్యమైన గుర్తు. మీరు రాసినదాంట్లో బీపీకి టెల్మిసార్టాన్ మాత్రమే ఉంది కాబట్టి అమ్మగారికి ఆ ఇబ్బంది లేదు. ఇది చదివే మిగతావాళ్లు మీ చీటీలు ఒకసారి చూసుకోండి.

పాదాల గురించి నేను ఎప్పుడూ కొంచెం గట్టిగానే చెబుతాను. పన్నెండేళ్ల షుగరంటే పాదాల్లో స్పర్శ తగ్గి ఉండే అవకాశం చాలా ఉంది. ఆసుపత్రిలో సన్నటి నైలాన్ తీగతో అరికాలు తాకి చూసే పరీక్ష ఉంటుంది, ఒకసారి చేయించండి. మన ఇళ్ల మిద్దెల మీద, గుళ్ల చుట్టూ బండలు పరిచి ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కడప బండ మీద వట్టి కాళ్లతో నాలుగడుగులు వేస్తే మనం ఎగిరి పక్కకి దూకుతాం. స్పర్శ లేని కాలికి ఆ సురుకు తెలియదు. బట్టలు ఆరెయ్యడానికి మిద్దె ఎక్కి వచ్చిన మనిషికి సాయంత్రానికి అరికాలంతా బొబ్బలు లేచిన పాదాలు నేను చూశాను, నొప్పి లేదంటూనే వచ్చారు. అలాంటి పుండు మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి వేలు తీసెయ్యాల్సి వస్తుంది. కాబట్టి ఇంట్లో నడిచినా ఎంసీఆర్ చెప్పులు (షుగరు ఉన్నవాళ్లు వాడే మెత్తటి రబ్బరు చెప్పులు) వేసుకోవాలి. బయటికైతే వేళ్లు కదిలేంత చోటున్న బూట్లు, కాటన్ సాక్సులు. హవాయి చెప్పులతో వాకింగ్ వద్దు. ప్రదక్షిణలు పొద్దెక్కకముందే ముగించుకోవాలి. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ల మధ్య తుడిచి, నాన్నగారు సెల్‌ఫోన్ లైటు వేసి అరికాళ్లు చూడాలి. ఎర్ర మచ్చ, పగులు, బొబ్బ ఏది కనిపించినా ఆ కాలి మీద నడక ఆపేసి చూపించుకోవాలి. మంచం మీద టవల్ అదిమేది అప్పుడు కూడా చేసుకోవచ్చు.

బీపీ 150/90 ఉందని రాశారు. దానితో వ్యాయామం మొదలుపెట్టొచ్చు. 180/110 దాటి ఉన్న రోజు మాత్రం వద్దు, ముందు డాక్టరు. క్రమం తప్పకుండా నడిచినవాళ్లలో పై అంకె 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. కళ్లు కూడా పరీక్ష చేయించండి. కంటి వెనక రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే బరువులు ఎత్తడం, ముక్కడం, తల కిందికి వేలాడేసే ఆసనాలు ప్రమాదం. ఆ పరీక్ష అయ్యేదాకా పైన చెప్పిన తేలికైనవే చాలు.

అమ్మగారు పల్లెలో పుట్టి పెరిగినవారైతే ఇంకొకటి అడగండి. మన జిల్లాలో సత్యసాయి నీటి పథకం రాకముందు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగిన ఊళ్లు చాలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి మెడ, వెన్ను, తుంటి కీళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిప్పలేకపోవడం, వెన్ను కర్రలా ఉండటం, చేతులు కాళ్లు తిమ్మిర్లు ఉంటే అది మోకాలి అరుగుదల ఒక్కటే కాకపోవచ్చు. అప్పుడు ఎముకల డాక్టరు చూశాకే మొదలుపెట్టాలి. బలవంతంగా వంచడం, మసాజు పేరుతో విరవడం అసలు చెయ్యించకండి.

ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మార్చి చివర నుంచి జూన్ దాకా బయట నడక పొద్దున ఏడులోపే అయిపోవాలి, లేకుంటే ఇంట్లోనే. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లు ఎండలో తొందరగా కళ్లు తిరిగి పడిపోతారు.

ఇప్పుడు మీ ఇద్దరి గొడవ. నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారని రాశారు. వ్యాయామానికీ గుండెకీ ఉన్న సంబంధాన్ని తేల్చిన తొలి పెద్ద పరిశోధన కండక్టర్ల మీదే జరిగింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూసి 1953లో ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువగా వచ్చింది. ఒకే బస్సు, పనిలో పెద్ద తేడా కాళ్ల కదలికే. ఈ సంగతి నాన్నగారికి చెప్పండి. ఆయన ఉద్యోగమంతా నిలబడి, బస్సులో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగిన మనిషి. రిటైరయ్యాక ఆ కదలిక ఆగిపోయి ఉంటుంది, కాబట్టి అవసరం ఆయనకీ ఉంది. కుర్చీ వ్యాయామం ఇద్దరూ ఎదురెదురుగా చెయ్యమనండి. ఆమె లెక్కపెడితే ఆయన లేవాలి, ఆయన లెక్కపెడితే ఆమె. నా అనుభవంలో ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ల కంటే జంటగా మొదలుపెట్టినవాళ్లే నిలబడతారు. పక్కింటావిడ కూడా కలిస్తే మరీ మంచిది.

ఫోన్‌లో "ఈరోజు నడిచావా లేదా" అని అడగడం మానెయ్యండి. అవునంటే మాట అయిపోతుంది, కాదంటే గొడవ మొదలవుతుంది. "దిండు ఇంకా ఉందా, తీసేశావా? రాత్రికి మోకాలు ఎలా ఉంది?" అని అడగండి. చెప్పుకోవడానికి ఆమెకి ఏదైనా ఉంటుంది. గోడ మీద క్యాలెండర్‌లో చేసిన రోజు టిక్కు పెట్టుకోమనండి. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు వస్తాయి, వారం పోతుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోటు నుంచి కాకుండా ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టించండి.

వాట్సాప్‌లో వచ్చేవి కూడా అడిగారు. ఎనిమిది ఆకారంలో నడిస్తే షుగరు పోతుందన్నది నిజం కాదు. అది కూడా నడకే, మలుపులున్న నడక. మోకాలు నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లకి ఆ మలుపులే ఇబ్బంది. పదివేల అడుగుల లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి పుట్టింది, వైద్య పరీక్షల నుంచి కాదు. అరవై దాటినవాళ్లకి రోజుకి ఆరు నుంచి ఎనిమిది వేల దగ్గరే చాలా మేలు అందేస్తుంది, అంతకంటే తక్కువ నడిచినా నడవనివాళ్ల కంటే లాభమే. కింద కూర్చోవడం పూర్తిగా మానెయ్యాలా అన్నదానికి, వాపున్నన్నాళ్లు మానండి. కూరగాయలు బల్ల మీద పెట్టుకుని తరగండి, వెస్టర్న్ టాయిలెట్ వాడండి. బలం వచ్చాక మంచం పట్టుకుని కింద కూర్చుని లేవడం మళ్లీ నేర్చుకోవాలి. పెద్ద వయసులో కింద పడితే సొంతంగా లేవగలగడం చిన్న విషయం కాదు.

ఇది చదివే ఇతరుల కోసం రెండు మాటలు. స్టెంటు పడ్డవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు కూడా వ్యాయామం చెయ్యాలి, కానీ మోతాదు మీ కార్డియాలజిస్టు చెప్పినదే. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే అక్కడే ఆపి 108. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ దుమ్ములో పనిచేసి ఊపిరి ఆడనివాళ్లు కొద్దిదూరం నడిచి ఆగండి. ముక్కుతో పీల్చి, విజిల్ వేస్తున్నట్టు పెదాలు ముడిచి, పీల్చినదానికి రెండింతల సమయం తీసుకుని వదలండి, మళ్లీ నడవండి. ఆయాసం వస్తుందని మంచానికే అంటిపెట్టుకుంటే కాళ్ల కండ పోయి ఆయాసం ఇంకా పెరుగుతుంది.

ట్రెడ్‌మిల్ మాత్రం వద్దు. బెల్టు వేగాన్ని మోకాలు అనుసరించాల్సి వస్తుంది, నొప్పి వచ్చిన అడుగు దగ్గర ఆగలేరు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి దాని మీద కాలు తడబడితే పడిపోతారు. ఆ డబ్బుతో చేతులున్న గట్టి చెక్క కుర్చీ, మంచి బూట్లు, ఎంసీఆర్ చెప్పులు, గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొనండి, రెటీనా పరీక్ష చేయించండి. ఇంకా మిగులుతుంది.

ఈసారి ఊరికి వచ్చినప్పుడు, ఏదీ మొదలుపెట్టకముందే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. దిండు లేని మామూలు కుర్చీ, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకి 12 కంటే తక్కువ వస్తే కాళ్లలో బలం సగటు కంటే తక్కువని లెక్క. నొప్పి వస్తే అక్కడే ఆపెయ్యండి, చేతులు ఊనకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా రాసుకోండి. ఇబ్బంది లేదు, చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. పన్నెండు వారాల తర్వాత మళ్లీ అదే కుర్చీలో చూడండి. ఆ మొదటి సంఖ్య, ఆమె వేసుకునే మాత్రల మోతాదు, పాదాల పరీక్షలో ఏం తేలిందో ఇక్కడ రాస్తే, గ్రౌండుకి మళ్లీ ఎప్పుడు, ఎన్ని నిమిషాలతో పంపాలో చెబుతాను.